పొయ్యికొక కుటుంబం

మనుషులు కలిసి కూర్చుని అన్నం తినడం ఎంత ప్రమాదకరమైన పనో మా అరుణోదయ కాలనీకి నిన్నమొన్నటిదాకా తెలియదు. తెలియక చాలా ఇళ్ళలో అలాగే తినేవాళ్ళం. తరువాత పురపాలక సంఘం వారు వచ్చి మా అజ్ఞానాన్ని తొలగించారు.

మాది ప్రశాంతమైన నివాస ప్రాంతమని కాలనీ మొదట్లో పాలరాతి మీద చెక్కించి ఉంది. ఆ రాయికి ఎడమవైపు మూడు మేడల్లో జూనియర్ కాలేజీ వారి హాస్టలు. తెల్లవారకముందే అక్కడ మైకులో ఫిజిక్సు మొదలవుతుంది. అంతమంది పిల్లలున్నా అది నివాస నిబంధనల కిందికి రాదట. నివాసమంటే రాత్రిపూట నిద్రపోయే చోటు. ఆ పిల్లలు నిద్రపోతారని ఇంతవరకు ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు. కుడివైపు ఇంట్లో ఒకాయన జాతికుక్కలను పెంచి అమ్ముతారు. అది కుటీర పరిశ్రమ. వీధి చివర సిమెంటు గోడౌను తాత్కాలికం. మా పెద్దమ్మాయి పుట్టక ముందునుంచీ అది తాత్కాలికంగానే ఉంది.

ఇంత ప్రశాంతమైన చోటికి సుగుణమ్మ గారు వచ్చారు. ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా ఎదురిల్లు అద్దెకు తీసుకుని, వయసొచ్చినా బుద్ధి ఎదగని ఆరుగురు ఆడవాళ్ళతో దిగారు. ఆ ఆరుగురిలో కొందరికి నా అన్నవాళ్ళు లేరు. తక్కినవాళ్ళకు ఉన్నారు గాని, వీళ్ళెక్కడున్నారో తెలుసుకునే ఆసక్తి వాళ్ళకు లేదు.

వాళ్ళలో మహలక్ష్మికి నలభై దాటాయి. ఆమెకు చోటు మారితే పడదు. ఇదివరకున్న ఆశ్రమం మూతపడి ఇంకోచోటికి పంపితే అన్నం మానేసింది. అక్కడినుంచి మరోచోటికి పంపితే మళ్ళీ మానేసింది. ఆఖరికి సెలైను సీసా కింద సుగుణమ్మ గారి వార్డుకు చేరింది. ఆవిడ పప్పన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెడితే తిన్నది. అప్పటినుంచి ఆవిడ చేత్తో పెడితేనే తింటుంది. నేను మొదటిసారి గిన్నెలో కందిపొడి పట్టుకుని వెళ్ళినప్పుడు సుగుణమ్మ గారు ఇదంతా చెప్పి, "ఇంకొక్కసారి చోటు మారిందంటే ఈ పిల్ల దక్కదండీ" అన్నారు. నలభై ఏళ్ళ మనిషిని పిల్ల అనడం నాకు ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఆ పిల్ల నా చీర అంచు పట్టుకుని, దాని మీద నేసిన నెమలి ఎక్కడుందో వెతుకుతోంది.

నెల తిరక్కుండా కాలనీ సంక్షేమ సంఘం సమావేశమైంది. అధ్యక్షులు త్రివిక్రమరావు గారు. విద్యుత్ శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. లోకంలో దేన్ని చూసినా ఓవర్‌లోడే కనిపిస్తుంది ఆయనకు. మా ఆయనకు బ్యాంకులో పని ఉండి, మా ఇంటి తరఫున నేను వెళ్ళాను.

ఫిర్యాదులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఆ ఆడవాళ్ళు సాయంత్రంపూట వరండాలో కూర్చుని వీధి చూస్తున్నారట. పాలవాడికి నమస్కారం పెడుతున్నారట. కుక్కల యజమానికి మరీ బాధగా ఉంది.

"నవ్వుతున్నారండీ. పరిచయం లేకుండానే నవ్వుతున్నారు" అన్నారాయన.

ఆ ఇంట్లోంచి టీవీ చప్పుడు రాదని, అరుపులు వినపడవని, ఇది సహజంగా లేదని ఇంకొకరు అన్నారు. చప్పుడు లేకపోతే మనకు ఇబ్బందేమిటని నేను అడిగాను. అదే అనుమానంగా ఉందన్నారు. సంసారాలున్న చోట చప్పుడుంటుందని, సంసారం కానిదేదో అక్కడ జరుగుతోందని అర్థం చెప్పారు. దీనివల్ల ప్లాట్ల రేటు పడిపోతుందని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. దాంతో విషయం అందరికీ మానవతా దృక్పథంతో అర్థమైంది.

చివర్లో అధ్యక్షులు లేచారు. "మనకు వాళ్ళ మీద జాలి లేదని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. జాలి వేరు, జోన్ వేరు. జాలి మన చేతిలో ఉంది, చూపిద్దాం. జోన్ ప్రభుత్వం చేతిలో ఉంది, చూపించమందాం."

సానుభూతి తీర్మానం ఒకటి, ఫిర్యాదు ఒకటి ఆమోదం పొందాయి. రెండింటినీ ఒకే కాగితం మీద, వెనకా ముందూ టైపు చేయించారు.

కొద్దిరోజులకు పట్టణ ప్రణాళికాధికారి దివాకరం గారు వచ్చారు. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ నలగని మనిషి. ఆయన టేపు విప్పగానే మహలక్ష్మి రెండో కొస పట్టుకుని గోడదాకా తీసుకెళ్ళింది. ఆయన దాన్ని సహకారంగా నమోదు చేసుకున్నారు. ఆ సమయానికి నేను కాఫీ ఫ్లాస్కుతో అక్కడే ఉన్నాను.

"సదరు భవనమందు నివసించు వ్యక్తుల మధ్య రక్తసంబంధమున్నదా, వివాహసంబంధమున్నదా, లేక ఉత్త సంబంధమున్నదా?" అని ఆయన అడిగారు.

"ఉత్త సంబంధమేనండి" అన్నారు సుగుణమ్మ గారు.

"అది మా దగ్గర లేదు."

తరువాత ఆయన నిబంధన వివరించారు. వంటింటి గురించి చట్టం ఇంత లోతుగా ఆలోచించిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకే పొయ్యి మీద వండుకు తినే బంధువులు కుటుంబం. బంధుత్వం లేనివాళ్ళు నలుగురికి మించి ఒకే పొయ్యి మీద వండినది తింటే అది కుటుంబం కాదు, సామూహిక సంరక్షణ సంస్థ. అటువంటి సంస్థ ఏ నివాసానికైనా మూడువందల మీటర్ల దూరంలో ఉండాలి. ఎందుకని అడిగితే, సంరక్షణ వ్యాపించకుండా అన్నారు. ఆ మాట అనడంలో ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నేను జాగ్రత్తగా చూశాను.

"మరి నన్ను ఎక్కడికి వెళ్ళమంటారండీ?" అని అడిగారు సుగుణమ్మ గారు.

ఆయన ఊరి పటం తీసి బల్ల మీద పరిచారు. వృత్తలేఖినితో ఇంటి చుట్టూ ఒక సున్నా, పక్కింటి చుట్టూ ఒక సున్నా, అలా చుట్టుకుంటూ పోయారు. పెనం మీద అట్టు మీద అట్టు వేసినట్టు పటమంతా సున్నాలు కమ్ముకున్నాయి. చివరికి నువ్వుగింజంత తెల్లచుక్క మిగిలింది. చూస్తే అది శ్మశానం. దివాకరం గారు సంతోషంగా తల ఎత్తి, వెంటనే దించుకున్నారు. శ్మశానంలో కాపలాదారు గుడిసె ఉందని, అతను భార్యాబిడ్డలతో అక్కడే కాపురముంటున్నాడని గుర్తొచ్చింది. ఆ చుక్క మీద కూడా సున్నా చుట్టారు.

"చట్టరీత్యా ఇట్టి సంస్థలకు పట్టణమందు సంపూర్ణ అనుమతి కలదు. స్థలము మాత్రము లేదు" అన్నారు.

సుగుణమ్మ గారు మహలక్ష్మి వైపు చూశారు. మహలక్ష్మి టేపు కొస ఇంకా వదల్లేదు.

దివాకరం గారు చెడ్డమనిషి కాదు. నా కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించారు. "అనధికారికంగా ఒక మాట. మీ ఇబ్బంది మనుషులతో కాదు, పొయ్యితో. పొయ్యి ఒక్కటి కావడంతో వచ్చింది. ఒక భవనంలో ఎన్ని కుటుంబాలైనా అద్దెకుండవచ్చు. పొయ్యికొక కుటుంబం. వేరుకుంపటి పెట్టుకున్నవారి జోలికి చట్టం రాదు."

"వీళ్ళను నేను పొయ్యి దరిదాపులకు రానివ్వనండీ. ఆ ఎస్తేరు ఒకసారి కొంగు అంటించుకుంది. చెయ్యి చూడండి."

ఆయన ఎస్తేరు చెయ్యి చూశారు. మచ్చ మోచేతిదాకా ఉంది. "వాళ్ళు వెలిగించాలని నిబంధనలో లేదు. ఉండాలి, అంతే" అన్నారు.

మర్నాడు ఆ ఇంట్లో ఆరు కరెంటు పొయ్యిలు దిగాయి. హాల్లో గోడ పొడవునా వరసగా పెట్టారు. ఒక్కోదాని పైన ఒక్కో పేరు. దాంతో చట్టం కళ్ళముందు ఆరు కుటుంబాలు పుట్టాయి. ఆరు ఇంటి నంబర్లు వచ్చాయి. గుమ్మం పక్కన ఆరు మీటర్లు బిగించారు. చెత్తబండి వాళ్ళు ఆరు బుట్టలు ఇచ్చారు. కుటుంబ సర్వేకు వచ్చిన అమ్మాయి గృహ యజమానురాలు మహలక్ష్మిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏం చేస్తుంటారని అడిగింది. "అన్నం తింటా" అంది మహలక్ష్మి. ఆ అమ్మాయి స్వయం ఉపాధి అని రాసుకుంది.

వంట మాత్రం సుగుణమ్మ గారే చేసేవారు. ఆరు చిన్నగిన్నెల్లో అన్నం, ఆరు చిన్నగిన్నెల్లో పప్పు. ఒకదాని దగ్గర పోపు పెడుతుంటే ఇంకోటి పొంగేది. అది కూడా కుదుటపడుతుందనగా దివాకరం గారు తనిఖీకి వచ్చి మూతలు తీశారు.

"ఆరు కుటుంబాల్లో ఒకేనాడు సొరకాయ పప్పు ఉండడం యాదృచ్ఛికమని నన్ను నమ్మమంటారా?" అని అడిగారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

మర్నాటినుంచి ఆరు కూరలు. అంత వంట ఒక్క మనిషి వల్ల కాదని, మూడో కుటుంబానికి పొట్లకాయ నేను పంపేదాన్ని. అయిదో కుటుంబానికి మా ఆయన తినని కాకరకాయ వెళ్ళేది. ఆ ఆరుగురూ ఆరు కూరలూ తలా కాస్త పంచుకుని తినేవాళ్ళు. తనిఖీ ఉన్నప్పుడు మాత్రం ఎవరి గిన్నె వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. మనసులో నవ్వుకున్నా, గండం గడిచిందనే అనుకున్నాం.

గడిచేదే, మా సంఘానికి నియమావళి లేకపోయి ఉంటే. అందులో కుటుంబానికి ఒక ఓటు అని ఉంది. సర్వసభ్య సమావేశానికి మామూలుగా సర్వసభ్యులు రారు. అధ్యక్షులు, కుక్కలాయన, ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తారు. ఈసారి ఆహ్వానపత్రాలు ఆరు ఎదురింటికి కూడా వెళ్ళాయి. గృహ యజమానురాళ్ళు ఆరుగురూ తలంటుకుని, ఉతికిన చీరలు కట్టుకుని, మొదటి వరసలో కూర్చున్నారు. కాలనీ ముఖద్వారానికి త్రివిక్రమరావు గారి పేరు పెట్టాలన్నది ఆనాటి తీర్మానం. బలపరిచేవారు చేతులెత్తండి అంటే నలుగురు ఎత్తారు. అది చూసి మన ఆరుగురికీ సరదా పుట్టింది. వాళ్ళు ఎత్తే వేళకు అధ్యక్షులు అడుగుతున్నది, వ్యతిరేకించేవారు ఎత్తండి అని. అందరూ తమనే చూస్తున్నారని ఉత్సాహం వచ్చి ఎంతకీ దించలేదు. మహలక్ష్మి రెండు చేతులూ ఎత్తింది. తీర్మానం వీగిపోయింది.

ఆ సాయంత్రమే త్రివిక్రమరావు గారు రెండో ఫిర్యాదు రాశారు. ఈసారి సానుభూతి తీర్మానం జతపరచలేదు. పొయ్యిలు ఆరైనా తినడం ఒకే వరసలో తింటున్నారని, ఒకరి గిన్నెలోది ఇంకొకరు తింటున్నారని, ఇది కుటుంబ వ్యవస్థకే గొడ్డలిపెట్టని అందులో ఉంది.

దివాకరం గారు భోజన సమయ తనిఖీకి వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కుటుంబానికీ కుటుంబానికీ మధ్య మూడడుగుల ఎడం ఉండాలన్నారు. ఎవరి పొయ్యికి ఎదురుగా వాళ్ళు, గోడవైపు తిరిగి, ఒకరికొకరు వీపులు కూడా కనపడకుండా కూర్చున్నారు. అయిదు కుటుంబాలు తల వంచుకుని తిన్నాయి. ఆరో కుటుంబం తినలేదు. పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. అన్నం చల్లారిపోతోంది. సుగుణమ్మ గారు కాసేపు ఓపిక పట్టి, ఇక పట్టలేక వెళ్ళి పక్కన చతికిలబడి, పప్పు కలిపి ముద్ద చేసి మహలక్ష్మి నోటి దగ్గర పెట్టారు.

దివాకరం గారు లేచి నిలబడ్డారు. "సదరు ముద్ద ఏ కుటుంబానికి చెందినది?"

"ఈవిడదేనండి. ఈవిడ పొయ్యి మీదే వండాను."

"కలిపినది?"

"నేనేనండి."

"మీరు ఏ పొయ్యి?"

సుగుణమ్మ గారు ఆరు పొయ్యిల వైపూ చూశారు. వాటిలో ఆవిడ పేరు దేని మీదా లేదు. ఆ విషయం ఆవిడకూ అప్పుడే తట్టినట్టుంది.

"తన చేతితో తాను తినుట భోజనము. పరుల చేతితో తినుట సంరక్షణ" అన్నారు దివాకరం గారు. "ఒక్క ముద్ద చాలునమ్మా. నేను ఆరు కుటుంబాలని రాసుకున్నదంతా ఆ ఒక్క ముద్దతో కొట్టుకుపోయింది."

ఇకమీదట ఆ ఇంట్లో ఎవరికైనా ఎవరైనా ముద్ద పెట్టినట్టు రుజువైతే ఇల్లు ఖాళీ చేయించవలసి ఉంటుందని ఉత్తర్వు ఇచ్చారు. భోజనాల వేళ కిటికీ దగ్గర నిలబడి చూడడానికి ఒక పర్యవేక్షకుణ్ణి కూడా పెట్టారు. అతనికి ఎండ తగలకుండా త్రివిక్రమరావు గారు గొడుగు పంపారు.

మహలక్ష్మి ఆ పూట తినలేదు. రాత్రీ తినలేదు. మర్నాడు సుగుణమ్మ గారు అన్నం గిన్నె కొంగుచాటున పెట్టుకుని, ఆమెను స్నానాల గదిలోకి తీసుకెళ్ళి తలుపేసి, అక్కడ పెట్టబోయారు. మహలక్ష్మి మూతి బిగించుకుంది. అలాంటి చోట అన్నం తినకూడదని ఆమెకు తెలుసు. ఆ మాత్రం బుద్ధి ఆ వ్యవహారంలో ఆమె ఒక్కదానికే ఉంది.

నేను మధ్యాహ్నం వెళ్ళేసరికి మహలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా చీర అంచు చేతికిచ్చాను. పట్టుకోలేదు. "పెడితే ఇల్లు ఖాళీ చెయ్యాలి. చేస్తే అన్నం మానేస్తుంది. పెట్టకపోతే ఇప్పుడే మానేసింది" అన్నారు సుగుణమ్మ గారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు రోగుల మధ్య పనిచేసిన మనిషి. ఏడవలేదు. మహలక్ష్మి నాడి పట్టుకుని గడియారం చూసుకుంటున్నారు.

నేను ఉద్యమాలు చేసేదాన్ని కాదు. కానీ లెక్క తేలకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ సాయంత్రం దివాకరం గారు మళ్ళీ వచ్చినప్పుడు గేటు దగ్గర ఆపి, ఒక చిన్న సందేహం ఉంది, తీర్చమన్నాను.

"అడగండి వకుళ గారూ. ప్రజల సందేహనివృత్తి కూడా మా విధే."

"అధ్యక్షుల వారి అమ్మగారిది ఏ పొయ్యి అండీ?"

మా పక్కింట్లో త్రివిక్రమరావు గారు కిందా, తమ్ముడు మేడమీదా ఉంటారు. పొయ్యిలు రెండు. తల్లి చెల్లాయమ్మ గారు ఎనభై దాటినావిడ. పదిహేనో తారీఖుదాకా కింద, ఆ తరువాత ముప్ఫయ్యో తారీఖుదాకా పైన. ముప్ఫై ఒకటో తారీఖు ఉన్న నెలల్లో ఆ రోజు ఎవరి వంతో తేలక ఆవిడ పస్తుంటారు. ఆ ఇంట్లో దాన్ని ఉపవాసమని చెప్పుకుంటారు. చెయ్యి వణుకుతుంది కనుక జీతానికున్న ఆయా తినిపిస్తుంది. ఇదంతా కాలనీలో అందరికీ తెలిసిన సంగతే. నేను దాన్ని వరసలో పెట్టి చెప్పానంతే.

దివాకరం గారి ముఖంలో కొత్త నిబంధన చదివినప్పటి వెలుగు వచ్చింది. అక్కడినుంచే టేపు విప్పుకుంటూ వెళ్ళారు. రెండు పొయ్యిలనూ చూశారు. ఆయా చెయ్యి చూశారు. నిష్పక్షపాతి అని ఆయనకు ఆఫీసులో పేరుందని తరువాత విన్నాను.

"ఆవిడ మా అమ్మండీ" అన్నారు త్రివిక్రమరావు గారు.

"రక్తసంబంధమును శాఖ కాదనుట లేదు. కానీ ఆవిడ ఏ పొయ్యికీ స్థిరముగా చెందలేదు. పైపెచ్చు పరుల చేతి ముద్ద. ఇది అనుమతి లేని సంరక్షణ సంస్థ. ఎదుటి నివాసములకు మూడువందల మీటర్ల లోపున్నది కూడా."

"ఇంజనీర్ని నేను. నాకు రూల్సు చెప్తారా?"

"మీరు అడిగినవే చెప్తున్నానండీ."

అన్నదమ్ములిద్దరూ చర్చించారు. అమ్మను శాశ్వతంగా తన పొయ్యిలో కలుపుకోవడం అన్న మార్గం ఒకటుందని ఇద్దరికీ తట్టింది. అయితే రెండోవాడికి తట్టిందేమో చూద్దామని ఇద్దరూ ఊరుకున్నారు. చివరికి న్యాయంగా, మధ్యస్థంగా ఉండేట్టు, కిందికీ పైకీ మధ్యన మెట్ల మలుపులో ఒక కరెంటు పొయ్యి పెట్టించారు. దాని ముందు చెల్లాయమ్మ గారికి పీట వేశారు. పక్కన బియ్యం డబ్బా. ఆవిడ పేరుతో ఒక మీటరు కూడా తెప్పించారు. సొంత శాఖ కనుక అది పూటలో వచ్చింది. ఆయాను మానిపించారు. ఎనభై దాటాక చెల్లాయమ్మ గారు ఒక కుటుంబమయ్యారు.

ఆవిడ ఆ పొయ్యిని ఒక ఉదయమంతా చూశారు. ఎక్కడ నొక్కాలో తెలియలేదు. మధ్యాహ్నం గోడ పట్టుకుని మెట్లు దిగి, వీధి దాటి, కిటికీ దగ్గరున్న పర్యవేక్షకుణ్ణి పక్కకు జరగమని, ఎదురింట్లోకి వెళ్ళి కూర్చున్నారు.

"ఏవమ్మా, ఓ ముద్ద పెడతావా? మా ఇంట్లో పొయ్యి ఉంది గాని అన్నం లేదు" అన్నారు.

సుగుణమ్మ గారు పర్యవేక్షకుడి వైపు చూడలేదు. పళ్ళెం తెచ్చి, పెరుగన్నం మెత్తగా పిసికి, ముద్దలు చేసి ఆవిడ నోట్లో పెట్టారు. అతను ఫోను చేశాడు. దివాకరం గారు భోజనం మధ్యలో లేచి, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా వచ్చారు. అన్నం మెతుకు ఒకటి గడియారానికి అంటుకుని ఉంది.

ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆలోచించారు. చెల్లాయమ్మ గారు ఈ ఇంట్లో నివసించరు. ఈ పొయ్యిలు వేటికీ చెందరు. బయటినుంచి వచ్చారు, తిన్నారు, వెళ్ళిపోతారు. కుటుంబం కాదు. సంస్థా కాదు. మెల్లగా ఆయన పెదవుల మీద నవ్వు పుట్టింది. ఇన్నాళ్ళ పరిచయంలో అదే మొదటిసారి.

"ఇది హోటలని ముందే చెప్పవద్దా అమ్మా" అన్నారు.

త్రివిక్రమరావు గారు వెనక స్థలంలో ఫంక్షన్ హాలు కట్టుకున్నప్పుడు మా వీధిని వాణిజ్య వీధిగా మార్పించారట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. వాణిజ్య వీధిలో హోటలుకు అభ్యంతరం లేదు. హోటల్లో తినేవాళ్ళకు రక్తసంబంధం ఉందా లేదా అని అడిగే అధికారం ఏ శాఖకూ లేదు. పొయ్యి ఒకటైనా ఫర్వాలేదు.

సుగుణమ్మ గారు ఒక్కొక్కటే అడిగారు. నర్సు కదా, మందు ఎన్నిపూటలో కచ్చితంగా తెలుసుకోవడం అలవాటు.

"వచ్చినవాళ్ళు ఎంతసేపు ఉండవచ్చండీ?"

"బిల్లు చెల్లించువరకు."

"కునుకు తీస్తే?"

"భోజనానంతర విశ్రాంతి. కాలపరిమితి చెప్పలేదు."

"తెల్లవారేదాకా తీస్తే?"

"ఉదయం టిఫిన్ ఉంటుంది కదా" అన్నారాయన ఉదారంగా.

ఆవిడ లోపలి గది వైపు చూశారు. "చేత్తో తినిపించవచ్చా అండీ?"

ఆ ప్రశ్నకు మాత్రం దివాకరం గారు నిబంధనల పుస్తకం తీసి చూసుకున్నారు. ఆయనది బాధ్యత గల ఉద్యోగం.

"సొమ్ము పుచ్చుకుని తినిపించినచో అది సేవ, కస్టమరు హక్కు. ఊరికే తినిపించినచో అది సంరక్షణ, నేరం. కనుక ముందు బిల్లు, తరువాత ముద్ద."

నేను ఇంటికి పరుగెత్తి మా పిల్లల లెక్కల పుస్తకంలోంచి కాగితం చింపి తెచ్చాను. సుగుణమ్మ గారు దాని మీద భోజనం ఒకటి అని రాసి సంతకం చేశారు. దివాకరం గారు చూసి, తేదీ వెయ్యమన్నారు. వేశారు. అప్పుడు మహలక్ష్మిని లేవదీసి హాల్లో కూర్చోబెట్టి, పప్పన్నం కలిపి, ముద్ద నోటి దగ్గర పెట్టారు.

మహలక్ష్మి మూతి విప్పలేదు. ముద్ద వైపు కాదు, దివాకరం గారి వైపు చూస్తోంది. ఆయన ఎందుకో ఇబ్బందిపడి కుర్చీ అటువైపు తిప్పుకున్నారు. అలా తిరిగిన తరువాత నోరు తెరిచింది. ఒక ముద్ద. కాసేపటికి రెండో ముద్ద. సుగుణమ్మ గారు మూడో ముద్ద కలిపారు.

వారం తిరక్కుండా బోర్డు కట్టారు, శ్రీ మహలక్ష్మి మీల్స్ అని. కాలనీలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. హోటలు వస్తే ప్లాట్లకు మంచిదేనని వెనకనుంచి అదే గొంతు అన్నది. త్రివిక్రమరావు గారు రిబ్బను కత్తిరించి, కాలనీ అభివృద్ధి పథంలో ఇదొక మైలురాయి అని మాట్లాడారు. చెల్లాయమ్మ గారిని రెండు పూటలకూ అక్కడే నెలవారీ కస్టమరుగా చేర్పించారు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒకటే పొయ్యి. ఒకటే కూర. అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు. సుగుణమ్మ గారు ప్రతి పూటా ముందు బిల్లు చింపి, ఆ తరువాతే మహలక్ష్మికి ముద్ద కలుపుతారు. ఆ బిల్లులన్నీ గోడకున్న ఇనుపచువ్వకు గుచ్చి ఉంటాయి. మూడు నెలలకోసారి దివాకరం గారు వచ్చి, వాటిని ఒక్కొక్కటే తిరగేసి, ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఎవరికీ ఊరికే అన్నం పెట్టలేదని ధ్రువీకరించి సంతకం చేసి వెళతారు.